యూవీఎంలో టెస్ట్‌ని ఎవరు ఆపాలి: సీక్వెన్సా, టెస్టా, స్కోర్‌బోర్డా?

యూవీఎం అంటే చిప్ డిజైన్ సరిగ్గా పనిచేస్తుందో లేదో సిమ్యులేషన్‌లో పరీక్షించడానికి వాడే క్లాస్ లైబ్రరీ, పద్ధతి. సిమ్యులేషన్ లాగ్ చివర ఎర్రర్లు 0, ఫేటల్స్ 0 అని కనిపిస్తే టెస్ట్ పాస్ అయిందనే అనుకుంటాం. ఆ టెస్ట్ అసలు ఏం చెక్ చేసింది అన్నది వేరే ప్రశ్న. డిజైన్ నుంచి డేటా బయటికి రాకముందే రన్ ఫేజ్ (టెస్ట్ నిజంగా నడిచే దశ) ముగిసిపోతే, రావాల్సిన డేటాని వచ్చిన డేటాతో సరిచూసే స్కోర్‌బోర్డుకి పోల్చడానికి ఏమీ ఉండదు. పోల్చకపోతే తేడా తెలియదు, తేడా తెలియకపోతే ఎర్రర్ రాదు. వెరిఫికేషన్ పనిలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇలాంటి పాస్. ఫెయిలైన టెస్ట్ వైపు ఎవరో ఒకరు చూస్తారు. ఇలా పాసైన టెస్ట్‌ని ఎవరూ తెరిచి చూడరు.

టెస్ట్‌ని ఎలా ముగించాలి అన్నదానికి యూవీఎంలో ఒకటి కాదు, అరడజను దారులున్నాయి. టెస్ట్ క్లాస్‌లోనే ఆబ్జెక్షన్ (ఇంకా ముగించొద్దు అనే అభ్యంతరం) రెయిజ్ చేసి, పని అయ్యాక డ్రాప్ చేయొచ్చు. డిజైన్‌కి ఇన్‌పుట్లు పంపే సీక్వెన్సే ఆ పని చూసుకోవచ్చు. డ్రెయిన్ టైమ్ పెట్టొచ్చు. ఫేజ్ రెడీ టు ఎండ్ అనే ఫంక్షన్ రాసి స్కోర్‌బోర్డుని అడ్డం నిలబెట్టొచ్చు. పిన్నుల మీద సిగ్నళ్ళు నడిపే డ్రైవరో, వాటిని గమనించే మానిటరో ప్రతి ట్రాన్సాక్షన్‌కీ ఆబ్జెక్షన్ తీసుకోవచ్చు. కవరేజ్ (పరీక్షించాల్సిన సందర్భాల్లో ఎన్ని తగిలాయన్న లెక్క) నిండేదాకా సీక్వెన్స్‌ని తిప్పుతూనే ఉండొచ్చు. హైదరాబాద్‌లో, బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎక్కువగా చేసేది టీమ్‌లో అప్పటికే ఉన్న పద్ధతిని కాపీ చేయడమే. అది ఎందుకలా ఉందో చాలాసార్లు టీమ్‌లోనూ ఎవరికీ గుర్తుండదు. అందుకే ఈ దారుల్ని పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ దెబ్బతీస్తుందో చెబుతాను.

ముందుగా ఒక లెక్క

అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను: 16550 తరహా యూఆర్ట్, అంటే బైట్లని ఒక్కో బిట్‌గా సీరియల్ లైన్ మీద పంపే బ్లాక్. ఒకవైపు ఏపీబీ బస్ (ప్రాసెసర్ దీని రిజిస్టర్లని రాసే, చదివే దారి), ఇంకోవైపు సీరియల్ లైన్, మధ్యలో 16 బైట్ల ట్రాన్స్‌మిట్ ఫైఫో (ముందు వచ్చింది ముందు వెళ్ళే క్యూ). ఏపీబీ క్లాక్ 50 మెగాహెర్ట్జ్, అంటే ఒక సైకిల్ 20 నానోసెకన్లు. వెయిట్ స్టేట్స్ లేకపోతే ఏపీబీలో ఒక రైట్‌కి 2 సైకిళ్ళు, అంటే 40 నానోసెకన్లు. ఫైఫో నింపడానికి సీక్వెన్స్ వరుసగా 16 రైట్లు చేస్తే 640 నానోసెకన్లలో దాని పని అయిపోతుంది.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. బాడ్ రేట్ (సెకనుకి వెళ్ళే బిట్లు) 115200 అయితే ఒక బిట్‌కి దాదాపు 8.68 మైక్రోసెకన్లు. స్టార్ట్ బిట్, 8 డేటా బిట్లు, స్టాప్ బిట్ కలిపి ఒక ఫ్రేమ్‌కి 10 బిట్లు, అంటే 86.8 మైక్రోసెకన్లు. 16 ఫ్రేములు బయటికి వెళ్ళేసరికి సుమారు 1.39 మిల్లీసెకన్లు పడుతుంది. సీక్వెన్స్ పని ముగిసిన క్షణానికి సీరియల్ లైన్ మీద మొదటి బైట్ స్టార్ట్ బిట్ కూడా పూర్తికాదు.

సీక్వెన్స్ అయిపోగానే టెస్ట్ ఆబ్జెక్షన్ డ్రాప్ చేసిందనుకోండి. బంతిలో వాళ్ళు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందే విస్తళ్ళు ఎత్తేసినట్టు అవుతుంది. రన్ ఫేజ్ ముగుస్తుంది, సీరియల్ మానిటర్ త్రెడ్ మధ్యలోనే చచ్చిపోతుంది, స్కోర్‌బోర్డులో ఎక్స్‌పెక్టెడ్ క్యూ నిండా 16 బైట్లు మిగిలిపోతాయి. రన్ ఫేజ్ తర్వాత వచ్చే చెక్ ఫేజ్‌లో ఆ క్యూ ఖాళీగా ఉందో లేదో చూసే లైన్ ఎవరూ రాయకపోతే టెస్ట్ నిక్షేపంగా పాస్ అవుతుంది.

ఈ లెక్కలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి: పంపాల్సిందంతా పంపామా అన్నది ఒకటి, పంపిందంతా బయటికి వచ్చిందా అన్నది ఇంకొకటి. మొదటిది సీక్వెన్స్‌కి తెలుసు. రెండోది స్కోర్‌బోర్డుకి తెలుసు. నా సలహా అంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

టెస్ట్ క్లాస్‌లో ఆబ్జెక్షన్

అందరికీ తెలిసిన పద్ధతి ఇది. టెస్ట్ రన్ ఫేజ్‌లో ముందుగా రెయిజ్ ఆబ్జెక్షన్, తర్వాత వర్చువల్ సీక్వెన్స్ (మిగతా సీక్వెన్సులని నడిపించే పైస్థాయి సీక్వెన్స్) మీద స్టార్ట్, అది తిరిగొచ్చాక డ్రాప్ ఆబ్జెక్షన్. మొత్తం మూడు లైన్లు. స్టార్ట్ అనేది బ్లాకింగ్ టాస్క్ కాబట్టి సీక్వెన్స్ బాడీ పూర్తయ్యేదాకా డ్రాప్ దగ్గరికి రాదు. స్టిమ్యులస్ (డిజైన్‌కి ఇచ్చే ఇన్‌పుట్) ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో ఒకే చోట కనిపిస్తుంది. లాగ్ చదివేవాళ్ళకీ, ఆరు నెలల తర్వాత ఆ కోడ్ అందుకునేవాళ్ళకీ ఇదే తేలిక.

దీని ఇంకో గొప్ప లాభం, సీక్వెన్సులకి ఫేజ్‌లతో సంబంధం లేకుండా పోవడం. ఫైఫో నింపే సీక్వెన్స్‌ని ఈ రోజు ఒంటరిగా నడపొచ్చు, రేపు ఇంకో పెద్ద సీక్వెన్స్ లోపల పిలవొచ్చు, ఎల్లుండి చిప్ లెవెల్ ఎన్విరాన్‌మెంట్‌లోకి తీసుకెళ్ళొచ్చు. ఎక్కడా ఆబ్జెక్షన్ గురించి ఆలోచించక్కర్లేదు. రీయూజ్ అని మనం నోటితో అనే మాట నిజంగా పనిచేసేది ఇలాంటి చోటే.

జాగ్రత్త పడాల్సింది పనుల్ని సమాంతరంగా నడిపే ఫోర్క్ దగ్గర. రెండు ఇంటర్‌ఫేస్‌ల మీద రెండు సీక్వెన్సులు ఒకేసారి నడపాలని ఫోర్క్, జాయిన్ నన్ (దేనికోసమూ ఆగకుండా ముందుకెళ్ళేది) రాసి, కింది లైన్లోనే డ్రాప్ చేస్తే టెస్ట్ 0 టైమ్‌లో ముగుస్తుంది. ఏదో ఒకటి అయితే చాలనుకునే జాయిన్ ఎనీ రాస్తే ముందు అయిపోయిన సీక్వెన్స్ రెండోదాన్ని చంపేస్తుంది. యూఆర్ట్‌లో ఏపీబీ వైపు రైట్లు, సీరియల్ వైపు రిసీవ్ స్టిమ్యులస్ ఒకేసారి నడిపేటప్పుడు ఇది కచ్చితంగా ఎదురవుతుంది, ఎందుకంటే ఏపీబీ సీక్వెన్స్ ఎప్పుడూ వేల రెట్లు ముందే అయిపోతుంది. ముగింపుని నిర్ణయించే సీక్వెన్సులన్నిటికీ అన్నీ అయ్యేదాకా ఆగే మామూలు జాయిన్ వాడండి. ఇంటరప్ట్‌ల కోసం ఎదురుచూసే సీక్వెన్సూ, ఫరెవర్ లూప్‌లో తిరిగే స్లేవ్ రెస్పాన్స్ సీక్వెన్సూ వేరు. వాటిని విడిగా జాయిన్ నన్‌లో వదిలేయండి. ఫేజ్ ముగిసినప్పుడు అవీ పోతాయి, పోవాలి కూడా.

సీక్వెన్సే చూసుకుంటే

రెండో దారిలో ఆబ్జెక్షన్ సీక్వెన్స్ లోపల ఉంటుంది. దీని చరిత్ర కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే పాత కోడ్‌లో మీకు ఎదురయ్యే వింతలన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

యూవీఎంకి ముందున్న ఓవీఎం రోజుల్లో టెస్ట్ ఆపడానికి గ్లోబల్ స్టాప్ రిక్వెస్ట్ అని ఒక కాల్ ఉండేది. ఎవరో ఒకరు ఆపమని అడగడం, ఆగలేనివాళ్ళు స్టాప్ టాస్క్ రాసుకుని కాసేపు పట్టుకోవడం. అప్పటి ఇంకో పద్ధతి వీఎంఎంలో కన్సెన్సస్ అనే క్లాస్ ఉండేది, అందరూ సరేనంటేనే ముగింపు. 2011లో వచ్చిన యూవీఎం 1.0లో ప్రతి ఫేజ్‌కీ దాని సొంత ఆబ్జెక్షన్ వచ్చింది: అభ్యంతరం చెప్పేవాళ్ళు ఎవరూ మిగలనప్పుడు ఫేజ్ ముగుస్తుంది. దాంతోపాటే సీక్వెన్స్‌లో, తనని ఏ ఫేజ్ మొదలుపెట్టిందో చెప్పే స్టార్టింగ్ ఫేజ్ అనే వేరియబుల్ కూడా వచ్చింది. సీక్వెన్స్ బాడీలో, లేదా దానికి ముందు నడిచే ప్రీ బాడీలో, "స్టార్టింగ్ ఫేజ్ నల్ (ఖాళీ) కాకపోతే ఆబ్జెక్షన్ రెయిజ్ చెయ్" అని రాయడం అందరికీ అలవాటైంది.

ఇక్కడే అసలు ఉచ్చు ఉంది. యూవీఎం 1.1లో ఆ వేరియబుల్ తనంతట తానుగా నిండేది సీక్వెన్స్‌ని కాన్ఫిగ్ డీబీ (యూవీఎం సెట్టింగుల పట్టిక) ద్వారా డీఫాల్ట్ సీక్వెన్స్‌గా, అంటే ఫేజ్ మొదలవగానే తనంతట తానే నడిచేదిగా, పెట్టినప్పుడు మాత్రమే. అదే సీక్వెన్స్‌ని మీరు చేత్తో స్టార్ట్ చేస్తే స్టార్టింగ్ ఫేజ్ నల్‌గానే ఉంటుంది. నల్ కాకపోతేనే రెయిజ్ చేయమన్నాం కదా, అందుకని ఏ ఎర్రర్ లేకుండా, ఏ వార్నింగ్ లేకుండా ఆ లైన్ దాటిపోతుంది. ఆబ్జెక్షన్ ఎవరూ తీసుకోలేదు కాబట్టి రన్ ఫేజ్ 0 టైమ్‌లోనే ముగుస్తుంది. నల్ పాయింటర్ క్రాష్ రాకుండా పెట్టిన ఆ చిన్న చెక్కే అసలు లోపాన్ని కప్పేస్తుంది. అక్కడ క్రాష్ అయి ఉంటే పది నిమిషాల్లో తెలిసిపోయేది.

ప్రీ బాడీలో రెయిజ్ చేసేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. ఇంకో సీక్వెన్స్ లోపల నుంచి యూవీఎం డూ మ్యాక్రోతో పిలిచిన సీక్వెన్స్‌కి ప్రీ బాడీ, పోస్ట్ బాడీ నడవవు. ప్రీ స్టార్ట్, పోస్ట్ స్టార్ట్ మాత్రం ఎప్పుడూ నడుస్తాయి. పైస్థాయి సీక్వెన్స్ మాత్రమే ఆబ్జెక్షన్ తీసుకోవాలని కొందరు కావాలనే ప్రీ బాడీని ఎంచుకునేవాళ్ళు, అందులో అర్థముంది. కానీ ఆ సంగతి తెలియకుండా కాపీ చేసినవాళ్ళకి ఒకే సీక్వెన్స్ ఒక చోట టెస్ట్‌ని పట్టుకుని ఉంచుతుంది, ఇంకో చోట ఉంచదు. కారణం వెతకడానికి రోజంతా పోతుంది.

2014లో వచ్చిన యూవీఎం 1.2 ఈ గందరగోళాన్ని చాలావరకు సరిచేసింది. వేరియబుల్‌ని నేరుగా ముట్టుకునే బదులు గెట్ స్టార్టింగ్ ఫేజ్, సెట్ స్టార్టింగ్ ఫేజ్ అనే ఫంక్షన్లు వచ్చాయి. వాటితోపాటు సెట్ ఆటోమేటిక్ ఫేజ్ ఆబ్జెక్షన్ కూడా వచ్చింది. సీక్వెన్స్ కన్‌స్ట్రక్టర్‌లో దానికి 1 ఇస్తే చాలు, ప్రీ స్టార్ట్‌కి ముందే ఆబ్జెక్షన్ రెయిజ్ అవుతుంది, పోస్ట్ స్టార్ట్ తర్వాత డ్రాప్ అవుతుంది. ఎవరైనా మధ్యలో కిల్ చేసినా డ్రాప్ అవుతుంది. చేత్తో రాసిన కోడ్‌లో చాలామంది మర్చిపోయేది ఈ కిల్ సంగతే. యూవీఎంకి ఐట్రిపుల్ఈ ఇచ్చిన 1800.2 ప్రమాణంలోకీ ఇదే పద్ధతి వెళ్ళింది.

అయితే రెండు షరతులు ఇంకా ఉన్నాయి. చేత్తో స్టార్ట్ చేసే సీక్వెన్స్‌కి మీరే ముందుగా సెట్ స్టార్టింగ్ ఫేజ్ పిలవాలి, లేకపోతే 1.1 నాటి కథే మళ్ళీ. ఫరెవర్ లూప్ ఉన్న సీక్వెన్స్‌కి ఆటోమేటిక్ ఆబ్జెక్షన్ ఎప్పుడూ పెట్టకూడదు, అది డ్రాప్ కావడమంటూ ఉండదు.

మరి ఈ దారి ఎవరికి? డీఫాల్ట్ సీక్వెన్స్ పద్ధతి మీద కట్టిన ఎన్విరాన్‌మెంట్ ఉన్నవాళ్ళకి. రీసెట్, కాన్ఫిగర్, మెయిన్, షట్‌డౌన్ అనే రన్‌టైమ్ ఫేజ్‌లు వాడుతూ, ఒక్కో ఫేజ్‌కి ఒక్కో సీక్వెన్స్ తగిలించేవాళ్ళకి. అక్కడ టెస్ట్ క్లాస్‌లో స్టార్ట్ కాల్సే ఉండవు కాబట్టి సీక్వెన్సే ఆబ్జెక్షన్ తీసుకోవాలి. కొత్తగా కట్టుకుంటున్నవాళ్ళకి మాత్రం నేను ఈ దారి చెప్పను. సీక్వెన్స్ అంటే స్టిమ్యులస్. టెస్ట్ ఆయుష్షు దాని బాధ్యత కాకపోతేనే అది నాలుగు చోట్ల పనికొస్తుంది.

సీక్వెన్స్ చేతే డిజైన్‌ని అడిగించడం

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలా సహజంగా అనిపిస్తుంది, సగం మంచిది కూడా. 16550లో లైన్ స్టేటస్ రిజిస్టర్ ఉంటుంది. అందులో 6వ బిట్, ట్రాన్స్‌మిటర్ ఎంప్టీ, ఫైఫో, షిఫ్ట్ రిజిస్టర్ రెండూ ఖాళీ అయితే 1 అవుతుంది. 5వ బిట్ మాత్రం ఫైఫో ఖాళీ అయితే చాలు 1 అయిపోతుంది, చివరి బైట్ ఇంకా లైన్ మీద ఉండగానే. సీక్వెన్స్ చివర 6వ బిట్‌ని పోల్ చేస్తే, అంటే 1 అయ్యేదాకా పదేపదే చదివితే, అసలు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ చేసే పనే మన టెస్టూ చేస్తుంది. 5వ బిట్‌ని పోల్ చేస్తే చివరి బైట్ పోతుంది. ఈ పొరపాటు లాగ్‌లో కనిపించదు, 16 పోలికలకి బదులు 15 ఉంటాయి, అంతే.

పోలింగ్ మంచిదే, ఆ రిజిస్టర్‌ని పరీక్షించినట్టూ అవుతుంది. కానీ టెస్ట్ ముగింపుని పూర్తిగా దాని మీద వదలకండి. పరీక్షిస్తున్నదే డిజైన్‌ని. ఆ బిట్ తొందరగా 1 అయ్యే బగ్ ఉంటే, ఆ బగ్గే టెస్ట్‌ని ముందుగా ఆపి తనని తాను దాచుకుంటుంది. ముద్దాయి మాట మీద కేసు మూసేయకూడదు.

డ్రెయిన్ టైమ్

చివరి ఆబ్జెక్షన్ డ్రాప్ అయ్యాక ఇంకొంతసేపు ఆగు అని చెప్పడమే డ్రెయిన్ టైమ్. ఫేజ్ దగ్గర గెట్ ఆబ్జెక్షన్ పిలిచి, దాని మీద సెట్ డ్రెయిన్ టైమ్ పెడతాం. ఆ ఆగే సమయంలో ఎవరైనా మళ్ళీ రెయిజ్ చేస్తే లెక్క రద్దవుతుంది, వాళ్ళు డ్రాప్ చేశాక మళ్ళీ మొదటి నుంచి.

లేటెన్సీ స్థిరంగా ఉన్న డిజైన్‌కి ఇది బంగారం. ఇన్‌పుట్ ఇచ్చిన 8 సైకిళ్ళకి అవుట్‌పుట్ ఇచ్చే ఫిల్టర్ ఉందనుకోండి, 10 సైకిళ్ళ డ్రెయిన్ టైమ్ పెడితే పని అయిపోయింది. ఇంతకంటే పెద్ద ఏర్పాటు అక్కడ అనవసరం.

మన యూఆర్ట్ దగ్గర మాత్రం చిక్కులు మొదలవుతాయి. 115200 బాడ్‌కి 1.4 మిల్లీసెకన్లు పెట్టారు. ఇంకో టెస్ట్‌లో బాడ్ రేట్ ర్యాండమైజ్ అయి 9600 వచ్చింది. అక్కడ ఒక్క ఫ్రేమ్‌కే 1.04 మిల్లీసెకన్లు, 16 ఫ్రేములకి 16.7. పెట్టిన డ్రెయిన్ టైమ్‌లో ఒక్క బైట్ బయటికొచ్చి, రెండోది సగంలో ఆగిపోతుంది. పోనీ అన్నిటికీ 17 మిల్లీసెకన్లు పెడదామంటే, 115200 టెస్టులన్నీ 1.4కి అయిపోయాక ఇంకో 15 మిల్లీసెకన్లకు పైగా ఊరికే నడుస్తాయి. రిగ్రెషన్‌లో (టెస్టులన్నీ కలిపి మళ్ళీ నడిపేటప్పుడు) వందల సీడ్స్ (ర్యాండమ్ విలువల్ని మార్చే అంకెలు) వేస్తే ఆ ఖాళీ సమయానికి సర్వర్లూ లైసెన్సులూ కట్టిపడేసినట్టే. పైగా రేపు ఎవరైనా ఫైఫోని 64 బైట్లకి పెంచితే ఆ 17 కూడా చాలదు. చాలకపోయినప్పుడు ఎర్రర్ రాదు, అదే అసలు ప్రమాదం.

డ్రెయిన్ టైమ్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆబ్జెక్షన్ కింది కాంపోనెంట్ నుంచి పైకి వెళుతుంది, డ్రెయిన్ టైమ్ కూడా ఆ దారిలోనే లెక్కకొస్తుంది. డ్రైవర్, మానిటర్ ఉండే ఏజెంట్‌లో 1 మైక్రోసెకను, దానిపైన ఎన్విరాన్‌మెంట్‌లో 1, ఆ పైన టెస్ట్‌లో 1 పెడితే, ఏజెంట్ డ్రాప్ చేసిన ఆబ్జెక్షన్‌కి అవి ఒకదాని వెనక ఒకటి కలిసి 3 అవుతాయి. అదే ఆబ్జెక్షన్ టెస్ట్ తీసుకుని టెస్టే డ్రాప్ చేస్తే, కింద ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టిన డ్రెయిన్ టైమ్ దానికి వర్తించదు. డ్రెయిన్ టైమ్ పెట్టాను కానీ పనిచేయట్లేదు అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే.

స్కోర్‌బోర్డుకి చివరి మాట

ఫేజ్ రెడీ టు ఎండ్ అన్నది నాకు ఇష్టమైన దారి. దీనికి ఎక్కువ చోటిస్తాను, ఎందుకంటే దీన్ని వాడేవాళ్ళు తక్కువ, వాడినా సగమే వాడతారు.

ఆబ్జెక్షన్లన్నీ డ్రాప్ అయి, డ్రెయిన్ టైమ్ కూడా అయిపోయాక, యూవీఎం ప్రతి కాంపోనెంట్‌నీ ఒకసారి పిలుస్తుంది: ఈ ఫేజ్ ముగించబోతున్నాను, నీకేమైనా పని మిగిలిందా అని. ఆ పిలుపే ఈ ఫంక్షన్. ఇందులో ఎవరైనా మళ్ళీ ఆబ్జెక్షన్ రెయిజ్ చేస్తే ఫేజ్ ఆగదు, కొనసాగుతుంది. వాళ్ళు డ్రాప్ చేశాక మళ్ళీ అందరినీ పిలుస్తుంది. ఇలా ఎన్నిసార్లు తిరగొచ్చు అన్నదానికి హద్దు ఉంది, మామూలుగా 20.

స్కోర్‌బోర్డులో ఇలా రాసుకోవాలి. మొదట, వచ్చిన ఫేజ్ రన్ ఫేజేనా అని చూడాలి, ఎందుకంటే ఈ పిలుపు మిగతా ఫేజ్‌లకీ వస్తుంది. తర్వాత ఎక్స్‌పెక్టెడ్ క్యూ ఖాళీయేనా చూడాలి. ఖాళీ అయితే ఏమీ చేయకుండా తిరిగి వెళ్ళాలి. ఖాళీ కాకపోతే అక్కడికక్కడే ఆబ్జెక్షన్ రెయిజ్ చేయాలి. ఇది ఫంక్షన్ కాబట్టి ఇందులో టైమ్ గడవకూడదు, అందుకని ఫోర్క్, జాయిన్ నన్ లోపల క్యూ సైజ్ 0 అయ్యేదాకా వెయిట్ చేసి, ఆ త్రెడ్‌లోనే డ్రాప్ చేయాలి. రెయిజ్‌ని కూడా ఫోర్క్ లోపలే పెట్టేస్తుంటారు కొందరు. అలా చేయకండి. ఫంక్షన్ తిరిగొచ్చేసరికే ఆబ్జెక్షన్ ఉండాలి, లేకపోతే ఫేజ్ ముందుకెళ్ళిపోతుంది.

ఇప్పుడు యూఆర్ట్ లెక్క మళ్ళీ వేయండి. 640 నానోసెకన్ల దగ్గర టెస్ట్ డ్రాప్ చేసింది. స్కోర్‌బోర్డు క్యూలో 16 బైట్లు ఉన్నాయి, ఆబ్జెక్షన్ రెయిజ్ చేసింది. బాడ్ 115200 అయితే 1.4 మిల్లీసెకన్ల దగ్గర వదులుతుంది, 9600 అయితే 16.7 దగ్గర. ఫైఫో 64కి పెంచినా ఒక్క లైన్ మార్చక్కర్లేదు. ఎంత అవసరమో అంతే నడుస్తుంది.

దీనికి రెండు బలహీనతలు ఉన్నాయి, రెండిటికీ మందు ఉంది.

మొదటిది, డిజైన్ ఒక బైట్‌ని మింగేస్తే క్యూ ఎప్పటికీ ఖాళీ కాదు, టెస్ట్ వేలాడుతుంది. అందుకే ఆ వెయిట్ పక్కన ఒక కాపలా పెట్టాలి: ఫోర్క్‌లో ఒకవైపు క్యూ ఖాళీ కావడం, ఇంకోవైపు కొంత సమయం, జాయిన్ ఎనీ. సమయం ముందు అయిపోతే, క్యూలో ఏ బైట్లు మిగిలాయో ప్రింట్ చేస్తూ యూవీఎం ఎర్రర్ ఇచ్చి డ్రాప్ చేయాలి. ఆ సమయాన్ని స్థిరమైన అంకెగా కాకుండా బాడ్ డివైజర్ నుంచి లెక్కగట్టండి: ఒక ఫ్రేమ్‌కి పట్టే సమయం, క్యూలో ఉన్న బైట్లు, దానిపైన కాస్త మార్జిన్. డ్రెయిన్ టైమ్‌లో తప్పు అంకె పెడితే టెస్ట్ నిశ్శబ్దంగా పాస్ అవుతుంది, ఇక్కడ తప్పు అంకె పెడితే గట్టిగా ఫెయిల్ అవుతుంది. ఏ అంకె తప్పినా మనకి తెలియాలి, అదీ నాకు కావాల్సింది.

రెండోది సన్నది. డ్రైవర్ చివరి రైట్ పూర్తిచేసి, పని అయిందని సీక్వెన్స్‌కి చెప్పే ఐటమ్ డన్ పిలిచిన క్షణానికి ఏపీబీ మానిటర్ ఆ రైట్‌ని ఇంకా స్కోర్‌బోర్డుకి పంపి ఉండకపోవచ్చు. తర్వాతి క్లాక్ ఎడ్జ్ దగ్గర పంపుతుంది. ఆ సందులో క్యూ ఖాళీగా ఉంటే స్కోర్‌బోర్డు "నాకేమీ లేదు" అనేస్తుంది, చివరి ట్రాన్సాక్షన్ జారిపోతుంది. యూఆర్ట్‌లో క్యూ నిండా బైట్లు ఉంటాయి కాబట్టి ఇది కనిపించదు, వేగంగా జవాబిచ్చే డిజైన్లలో కనిపిస్తుంది. దీనికి టెస్ట్‌లో రెండు మూడు క్లాకుల డ్రెయిన్ టైమ్ చాలు. డ్రెయిన్ టైమ్ ముందు గడిచి, ఆ తర్వాతే ఈ పిలుపు వస్తుంది కాబట్టి రెండూ ఒకదానికొకటి తోడవుతాయి.

ప్రతి ట్రాన్సాక్షన్‌కీ ఆబ్జెక్షన్

డ్రైవర్ ఒక ఐటమ్ తీసుకోగానే రెయిజ్, అయిపోగానే డ్రాప్. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నేను ఎవరికీ చెప్పను. రెయిజ్ అయిన ప్రతిసారీ ఆ లెక్క కాంపోనెంట్ నుంచి మెట్టు మెట్టుగా పైదాకా వెళుతుంది, డ్రాప్ కూడా అలాగే. లక్షల ట్రాన్సాక్షన్లున్న టెస్ట్‌లో సిమ్యులేటర్ ఆ లెక్కలకే చాలా సమయం ఖర్చు పెడుతుంది. యూవీఎం 1.2లో ప్రాపగేట్ మోడ్‌ని (లెక్క ఇలా మెట్టు మెట్టుగా పైకి వెళ్ళడాన్ని) ఆపుకునే వీలు వచ్చింది, దాంతో భారం తగ్గుతుంది. అయినా రెండు ఐటమ్స్ మధ్య ఖాళీలో లెక్క 0 అయిపోయే ప్రమాదం అలాగే ఉంటుంది. డ్రైవర్ బిజీగా ఉందో లేదో తెలియాలంటే ఒక కౌంటర్ పెట్టుకుని, దాన్ని ఫేజ్ రెడీ టు ఎండ్‌లో చూడండి. ఫలితం అదే, ఖర్చు లేదు.

కవరేజ్ నిండేదాకా

సీక్వెన్స్ తిరుగుతూ, కవర్‌గ్రూప్ 100 శాతం అయ్యాక ఆగడం. చిన్న బ్లాకులకి సరదాగా పనిచేస్తుంది. పెద్దవాటిలో ఒక్క బిన్ (కవరేజ్ లెక్కలో ఒక గడి) నిండక రాత్రంతా నడుస్తుంది, పైగా కవరేజ్ ఎలాగూ చాలా సీడ్స్ నుంచి మెర్జ్ చేస్తాం, ఒక్క టెస్టే అంతా నింపాలన్న పట్టుదల అనవసరం. వాడితే ఐటమ్స్ సంఖ్యకి గరిష్ఠ హద్దు తప్పనిసరిగా పెట్టండి.

టైమవుట్‌ని ముగింపుగా వాడొద్దు

యూవీఎం టైమవుట్ ముట్టుకోకపోతే 9200 సెకన్లు. అది సిమ్యులేషన్ సమయం, అంటే డిజైన్ లోపలి గడియారంలో 2 గంటల 33 నిమిషాలు. మన మిల్లీసెకన్ల టెస్టులకి అది లేనట్టే లెక్క. ప్రాజెక్ట్ మొదటి రోజే బేస్ టెస్ట్‌లో సెట్ టైమవుట్ పెట్టండి, లేదా యూవీఎం టైమవుట్ ప్లస్ ఆర్గ్ (కమాండ్ లైన్ ఆప్షన్) ఇవ్వండి. మన యూఆర్ట్‌కి 100 మిల్లీసెకన్లు ధారాళం. అది తగిలితే ఫేటల్ రావాలి, ఫేటల్ అంటే ఫెయిల్. టైమవుట్‌తో ముగిసే టెస్ట్‌ని పాస్‌గా లెక్కేసే స్క్రిప్ట్ ఎక్కడైనా కనిపిస్తే ఆ రోజే సరిచేయించండి.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి

కొత్త ఎన్విరాన్‌మెంట్ అయితే: ఆబ్జెక్షన్ టెస్ట్‌లో, పైస్థాయి వర్చువల్ సీక్వెన్స్ చుట్టూ మాత్రమే. కింది సీక్వెన్సులు ఆబ్జెక్షన్ జోలికి వెళ్ళవు. రెండు మూడు క్లాకుల డ్రెయిన్ టైమ్. స్కోర్‌బోర్డులో ఫేజ్ రెడీ టు ఎండ్, కాపలా సమయంతో. పైన బేస్ టెస్ట్ టైమవుట్. ఈ నాలుగూ కలిపి రాయడానికి ఒక పూట పని.

లేటెన్సీ స్థిరంగా ఉండి, రీఆర్డరింగ్, ఫైఫోలు లేని చిన్న బ్లాక్ అయితే టెస్ట్‌లో ఆబ్జెక్షన్, డ్రెయిన్ టైమ్ చాలు. ఇంకేమీ కట్టకండి.

డీఫాల్ట్ సీక్వెన్సులు, రన్‌టైమ్ ఫేజ్‌ల మీద నడుస్తున్న పాత ఎన్విరాన్‌మెంట్ చేతికొస్తే దాన్ని పగలగొట్టకండి. పాత స్టార్టింగ్ ఫేజ్ వాడకాన్ని ఆటోమేటిక్ ఆబ్జెక్షన్‌కి మార్చండి, స్కోర్‌బోర్డు ఫంక్షన్ చేర్చండి. సీక్వెన్సులన్నిటినీ తిరగరాయడానికి షెడ్యూల్‌లో ఎవరూ చోటివ్వరు, స్కోర్‌బోర్డులో చేర్చే ఇరవై లైన్లకి ఎవరూ అడ్డు చెప్పరు. అయితే అక్కడ రన్ ఫేజ్ పేరు మాత్రమే చూడకుండా, మెయిన్ ఫేజ్ తర్వాత షట్‌డౌన్‌లో స్టిమ్యులస్ ఏమైనా ఉందో చూసి, ఏ ఫేజ్‌ని పట్టుకోవాలో నిర్ణయించుకోండి.

పైథాన్ వైపు, కోకోటీబీ అనే టెస్ట్‌బెంచ్ లైబ్రరీతో రాసేవాళ్ళకి ఆబ్జెక్షన్ ఉండదు. టెస్ట్ కోరూటీన్ తిరిగొస్తే టెస్ట్ అయిపోయినట్టే, వెనక నడుస్తున్న టాస్కులు ఆగిపోతాయి. సమస్య మాత్రం అదే. కాబట్టి టెస్ట్ చివర స్కోర్‌బోర్డు ఖాళీ కోసం అవెయిట్ పెట్టండి, దానికీ టైమవుట్ తగిలించండి.

ఏ దారి ఎంచుకున్నా చెక్ ఫేజ్‌లో రెండు ప్రశ్నలు రాయండి. క్యూలో ఏమైనా మిగిలిందా? మిగిలితే ఎర్రర్. మొత్తం ఎన్ని పోలికలు జరిగాయి? 0 అయితే ఎర్రర్, టెస్ట్ కావాలనే డేటా పంపనిదైతే తప్ప. పోలికల సంఖ్యని రిపోర్ట్ ఫేజ్‌లో ప్రింట్ చేయించి, రిగ్రెషన్ పట్టికలో ఒక కాలమ్‌గా తెప్పించండి. నిన్న 16 ఉన్న చోట ఈ రోజు 15 కనిపిస్తే ఎర్రర్ లేకపోయినా మీ కన్ను అక్కడ ఆగుతుంది.

టెస్ట్ వేలాడితే, లేదా 0 టైమ్‌లో ముగిసిపోతే, కోడ్ చదవడం మొదలుపెట్టకముందే యూవీఎం ఆబ్జెక్షన్ ట్రేస్ ప్లస్ ఆర్గ్‌తో మళ్ళీ నడపండి. ఎవరు, ఏ సమయంలో రెయిజ్ చేశారో, ఎవరు డ్రాప్ చేశారో లైను లైనుగా వస్తుంది. రెయిజ్, డ్రాప్ చేసే ప్రతి చోటా డిస్క్రిప్షన్ ఆర్గ్యుమెంట్‌లో ఒక మాట రాసి ఉంటే ఆ ట్రేస్ రెండు నిమిషాల్లో చదివేయొచ్చు. వేలాడుతున్న టెస్ట్‌లో డిస్‌ప్లే ఆబ్జెక్షన్స్ పిలిస్తే, ఆ క్షణానికి ఇంకా ఎవరు పట్టుకుని ఉన్నారో పేర్లతో సహా చెబుతుంది.